ప్రేమ పేరుతో ఎగవేసిన కూలి

‘అమెచ్యూర్’ అన్న మాటకు మూలార్థం ప్రేమించే వ్యక్తి అని. లాటిన్ నుంచి ఫ్రెంచిలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట అది. డబ్బు కోసం కాకుండా ఇష్టం కొద్దీ ఆడేవాళ్ళు అమెచ్యూర్లు. వినడానికి ఎంత బాగుంది! కానీ ఈ పత్రిక చదివే స్త్రీలకు ఇలాంటి మాట వినగానే అనుమానం రావాలి. ఎందుకంటే ప్రేమ పేరు చెప్పి మనచేత చేయించుకున్న చాకిరీకి అంతు లేదు. వంట ప్రేమ, పిల్లల పెంపకం ప్రేమ, ముసలివాళ్ళ సేవ ప్రేమ. ప్రేమకు వెల కట్టకూడదు కాబట్టి కూలి అడగకూడదు. అడిగిన స్త్రీకి ప్రేమే లేదని తీర్పు. ఇంటి విషయంలో ఈ తర్కం గుట్టును స్త్రీవాదులు ఎప్పుడో విప్పారు. అదే తర్కం మీద అమెరికా కాలేజీ క్రీడల వ్యవస్థ నూరేళ్ళకు పైగా నడిచింది. అమెరికన్ క్రీడాకారుల విషయంలో అది ఇవాళ చాలావరకు కూలిపోయింది. విదేశాల నుంచి చదువుకోవడానికి వెళ్ళి ఆడుతున్నవాళ్ళ విషయంలో, అందులోనూ ఆడపిల్లల విషయంలో, వీసా చాటున ఇంకా బతికే ఉంది.

అమెరికా కాలేజీ ఆటలతో మనకేం పని అని అడిగే మిత్రులుంటారు. రెండు కారణాలు చెబుతాను. మొదటిది, ఎఫ్-1 వీసా అంటే ఏమిటో తెలుగువాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. అమీర్‌పేట కన్సల్టెన్సీల నుంచి పల్లెటూరి రచ్చబండ దాకా అందరికీ తెలిసిన మాట. క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని, బయట చేస్తే నేరం అన్న నియమం తెలియని మధ్యతరగతి ఇల్లు అరుదు. హైదరాబాద్ టెన్నిస్ క్రీడాకారిణి సహజ యమలపల్లి టెక్సస్‌లోని సామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీ తరఫున ఆడింది. అంటే ఆ దారి మన పిల్లలకు కొత్తది కాదు. రెండోది ఇంకా ముఖ్యం. పనిని పని అనకుండా మరో పేరుతో పిలిచి కూలి ఎగవేసే విద్య ఏ ఒక్క దేశానిదీ కాదు. అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళకు ఇచ్చేదాన్ని ‘గౌరవ వేతనం’ అంటారు. ఆశాలను ‘స్వచ్ఛంద కార్యకర్తలు’ అంటారు. అంగన్‌వాడీ వర్కర్లకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగి 42 రోజులు నిలబడితే, ప్రభుత్వం వాళ్ళమీద ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవ, సమ్మె చేసినప్పుడు అత్యవసర సర్వీసు! ఈ రెండు నాల్కల మాట అర్థమైన వాళ్ళకు అమెరికా కథ తేలిగ్గా అర్థమవుతుంది.

పేరు పెట్టడంలోని రాజకీయం

అమెచ్యూరిజం పుట్టుకలోనే వర్గ స్వభావం ఉంది. 1860లలో ఇంగ్లండులో అథ్లెటిక్స్ క్లబ్బులు పెట్టుకున్న పెద్దమనుషులు అమెచ్యూర్ అంటే ఎవరో నిర్వచిస్తూ మెకానిక్కులను, చేతివృత్తులవారిని, కూలీలను మినహాయించారు. వాళ్ళు ఆటకు డబ్బు తీసుకున్నారా లేదా అన్నది ప్రశ్నే కాదు. చేతులతో పనిచేసి బతికేవాడు తమ సరసన నిలబడకూడదు, అంతే. పూట గడవడానికి పని చెయ్యనక్కరలేని వాడికే ‘కేవలం ప్రేమతో’ ఆడే తీరిక ఉంటుంది. ఆ తీరికకు నీతి అని పేరు పెట్టారు. 1912 ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలో బంగారు పతకాలు గెలిచిన అమెరికన్ ఆదివాసీ జిమ్ థోర్ప్ అంతకుముందు చిల్లర డబ్బులకు బేస్‌బాల్ ఆడాడని 1913లో పతకాలు లాగేసుకున్నారు. 1953లో ఆయన చనిపోయాడు. 1982లో మనసు మార్చుకున్నారు. పూర్తి విజేతగా ఒప్పుకున్నది 2022లో.

అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సిఎఎ. 1906లో మొదలైన సంస్థ. 1955లో కొలరాడోలోని ఒక చిన్న కాలేజీ తరఫున ఫుట్‌బాల్ ఆడుతూ రే డెన్నిసన్ అనే యువకుడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి వచ్చే నష్టపరిహారం తనకూ ఇవ్వాలని అతని భార్య అడిగింది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చెయ్యడం లేదు కాబట్టి అతను ఉద్యోగి కాడని 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ఇలాంటి దావాల భయంతోనే ‘స్టూడెంట్ అథ్లెట్’ అనే పదాన్ని తయారుచేసి ప్రతి కాగితంలోనూ వాడించామని ఎన్‌సిఎఎను 1951 నుంచి 1988 దాకా నడిపిన వాల్టర్ బయర్స్ తర్వాత రాసుకున్న పుస్తకంలో ఒప్పుకున్నాడు. ఆ పుస్తకం 1995లో వచ్చింది. మనం గమనించాల్సిందేమిటంటే, విద్యార్థి-క్రీడాకారుడు అనే ఆ అందమైన జంట పదం ప్రచారంలోకి వచ్చింది విద్య మీద ప్రేమతో కాదు. పరిహారం అడిగే వితంతువులకు పైసా ఇవ్వకుండా తప్పించుకోవడానికి.

స్త్రీలు ఈ చట్రంలోకి వచ్చిన తీరు

ఇక్కడ స్త్రీల చరిత్ర కొంచెం వేరు. 1971లో అమెరికా మహిళా వ్యాయామ విద్యావేత్తలు ఎఐఎడబ్ల్యు అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. పురుషుల క్రీడల్లోని బేరసారాలు, ఆటగాళ్ళ వేట తమ పిల్లలకు వద్దనుకున్నారు. అందుకని ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వడాన్నే నిషేధించారు. ఆ ఆశయాన్ని నేను ఎగతాళి చెయ్యను. గెలుపు కోసం పిల్లల్ని పిండేసే వ్యవస్థకు బదులు మరో రకం క్రీడను ఊహించిన ఆడవాళ్ళు వాళ్ళు. కానీ ఆ స్వచ్ఛతకు మూల్యం చెల్లించింది ఎవరు? మగపిల్లలకు ఆటతో చదువు దొరుకుతుంటే ఆడపిల్లలకు దొరకలేదు. 1973లో ఫ్లోరిడాకు చెందిన టెన్నిస్ క్రీడాకారిణులు, వాళ్ళ టీచర్లు కోర్టుకెక్కాకే ఆ నిషేధం పోయింది. అమెచ్యూరిజాన్ని మగవాళ్ళు లాభం కోసం వాడుకున్నారు, ఆడవాళ్ళు ఆదర్శం కోసం పాటించారు. చివరికి రెండు చోట్లా చేతులు ఖాళీగా మిగిలింది ఆడిన అమ్మాయికే.

1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం చదువుల్లో లింగవివక్షను నిషేధించింది. దానివల్ల ఆడపిల్లలకు జట్లు పెరిగాయి, డబ్బు వచ్చింది. డబ్బు రావడంతోనే, అప్పటిదాకా మహిళల క్రీడలను పట్టించుకోని ఎన్‌సిఎఎ 1981-82లో మహిళల పోటీలను చేతిలోకి తీసుకుంది. 1982లో ఎఐఎడబ్ల్యు మూతబడింది. 1972కు ముందు మహిళా జట్ల కోచ్‌లలో 90 శాతానికి పైగా స్త్రీలే. 2014 నాటికి వాళ్ళు 43 శాతం. ఇక సమానత్వం ఎంత వచ్చిందో 2021 మార్చిలో ప్రపంచమంతా చూసింది. బాస్కెట్‌బాల్ జాతీయ పోటీల్లో మగవాళ్ళకు పెద్ద వ్యాయామశాల, ఆడవాళ్ళకు ఒక మూల కొన్ని డంబెల్స్. ఒక క్రీడాకారిణి వీడియో తీసి పెడితే తప్ప ఆ తేడా ఎవరికీ కనిపించలేదు.

గోడ కూలింది, ఒక వైపే

2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సిఎఎకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. చదువుకు సంబంధించి ఇచ్చే ప్రయోజనాలకు సంస్థ పెట్టిన పరిమితులు గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమంది. అదే ఏడాది జూలై 1 నుంచి క్రీడాకారులు తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు కంపెనీల దగ్గర డబ్బు తీసుకోవచ్చని ఎన్‌సిఎఎ ఒప్పుకుంది. దీన్నే ఎన్‌ఐఎల్ అంటారు. 2025 జూన్ 6న హౌస్ కేసు రాజీని కోర్టు ఆమోదించింది. పాత బకాయిల కింద సుమారు 280 కోట్ల డాలర్లు, ఇకపై ప్రతి యూనివర్సిటీ ఏటా తన క్రీడాకారులకు నేరుగా పంచగల మొత్తం మొదటి ఏడాది రెండు కోట్ల అయిదు లక్షల డాలర్ల దాకా. ‘డబ్బు ముడితే ఆట మైలపడుతుంది’ అని నూరేళ్ళు చెప్పిన సిద్ధాంతం నాలుగేళ్ళలో కొట్టుకుపోయింది. ఆటా మైలపడలేదు, స్టేడియాలూ ఖాళీ కాలేదు.

మరి ఆ డబ్బు ఎటు పోయింది? పాత బకాయిల్లో దాదాపు 90 శాతం పురుషుల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకు వెళ్ళేలా లెక్క కట్టారు. ఇది టైటిల్ నైన్‌కు విరుద్ధమని ఎనిమిది మంది క్రీడాకారిణులు 2025 జూన్‌లోనే అప్పీలుకు వెళ్ళారు. యూనివర్సిటీలు ఇచ్చే సొమ్ముకు టైటిల్ నైన్ వర్తిస్తుందని 2025 జనవరిలో విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాన్ని కొత్త ప్రభుత్వం ఫిబ్రవరిలోనే రద్దు చేసింది. కూలి లేనప్పుడు ఆడా మగా అందరూ సమానమే. కూలి ఇవ్వక తప్పని రోజు వచ్చేసరికి అది మగవాడి కూలి అయింది. ఇది మనకు కొత్త విషయమా?

ఆ కాస్తలో కూడా వాటా లేని వాళ్ళు ఇంకొందరున్నారు. ఎన్‌సిఎఎ కింద ఆడే విదేశీ విద్యార్థులు 25 వేల మంది దాకా ఉంటారు. డివిజన్-1 మహిళా టెన్నిస్‌లో అయితే సగానికి మించి విదేశీ విద్యార్థినులే. 2021లో ఎన్‌సిఎఎ నియమం మారింది కానీ వీసా నియమం మారలేదు. ఎఫ్-1 మీద ఉన్న అమ్మాయి క్యాంపస్‌లో వారానికి 20 గంటలు లైబ్రరీలో పుస్తకాలు సర్దవచ్చు, క్యాంటీన్‌లో గిన్నెలు కడగవచ్చు. ఒక బూట్ల కంపెనీ కోసం ఫొటో దిగితే మాత్రం అనుమతి లేని ఉద్యోగం అవుతుంది. వీసా పోవచ్చు, దేశం విడిచి పొమ్మనవచ్చు.

2024 ఏప్రిల్‌లో సౌత్ కరోలినా, అయోవా జట్ల మధ్య జరిగిన మహిళల బాస్కెట్‌బాల్ ఫైనల్‌ను అమెరికాలో కోటీ ఎనభై లక్షల మందికి పైగా చూశారు. ఆ ఏడాది పురుషుల ఫైనల్ చూసినవాళ్ళకంటే ఎక్కువ. ఆ పోటీల చివరి ఘట్టంలో అత్యుత్తమ క్రీడాకారిణిగా ఎంపికైనది పదిహేనేళ్ళ వయసులో ఇల్లు విడిచి బ్రెజిల్ నుంచి వచ్చిన కమిలా కార్డోసో. మహిళల ఆట చూడరు, అందుకే డబ్బు రాదు అన్న పాత సాకు ఆ రోజుతో చెల్లిపోయింది. అంత ఆట ఆడేవాళ్ళలో విదేశీ అమ్మాయిలు ఉన్నారు. మార్కెట్ వాళ్ళ ముఖాలను వాడుకుంటుంది, చట్టం వాళ్ళ చేతులు కట్టేస్తుంది.

2023లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ మహిళల జట్టు జాతీయ విజేత అయింది. ఆ జట్టులోని ఏంజెల్ రీస్ వాణిజ్య ఒప్పందాలతో దేశమంతా తెలిసిన పేరైంది. అదే జట్టులో ఆడిన ఆస్ట్రేలియా అమ్మాయి లాస్ట్-టియర్ పోవా అలాంటి ఒప్పందాలు చేసుకునే వీలుకోసం క్రీడాకారులకిచ్చే పి-1ఎ వీసా అడిగింది. ఇవ్వలేదు. 2024లో ఆమె ప్రభుత్వం మీద కోర్టుకెళ్ళింది. ఒకే జట్టు, ఒకే కప్పు, ఒకే కోచ్. పాస్‌పోర్టు రంగును బట్టి ఒకరి ఆట ఆస్తి, మరొకరి ఆట ‘ప్రేమ’.

ఈ నియమాల వింత ఎంత దూరం వెళుతుందంటే, పని అమెరికా గడ్డ మీద చెయ్యకపోతే చాలు. కెంటకీ యూనివర్సిటీ తరఫున ఆడిన కాంగో ఆటగాడు ఆస్కర్ షిబ్వే 2022 ఆగస్టులో జట్టుతో బహామాస్ వెళ్ళినప్పుడు తన ఒప్పందాల పనులు అక్కడ చేసుకున్నాడు. పెద్ద యూనివర్సిటీలో పేరుమోసిన మగ ఆటగాడికి లాయర్లూ ఉంటారు, దీవుల పర్యటనా ఉంటుంది. ఒక చిన్న కాలేజీలో గోల్ఫో, ఈతో, పరుగుపందేలో ఆడే అమ్మాయికి ఏముంటుంది?

టెన్నిస్ సంగతి మరీ అన్యాయం. 2024 యూఎస్ ఓపెన్‌లో 18 ఏళ్ళ ఆస్ట్రేలియా అమ్మాయి మాయా జాయింట్ మొదటి రౌండ్ గెలిచి లక్షా 40 వేల డాలర్లు సంపాదించింది. ఆమె టెక్సస్ యూనివర్సిటీలో చేరబోతున్నది. అప్పటి నియమం ప్రకారం కాలేజీలో ఆడాలనుకుంటే ఖర్చులకు మించిన బహుమతి డబ్బు వదులుకోవాలి. తన రాకెట్‌తో, తన చెమటతో గెలిచిన డబ్బు! కంపెనీ ప్రకటనలో నవ్వితే అమెరికన్ ఆటగాడికి లక్షలు రావచ్చు, కోర్టులో గెలిచిన అమ్మాయి మాత్రం డబ్బు ముట్టకూడదు. ఆ ఏడాది చివర ఆమె కాలేజీ ఆట వదిలి ప్రొఫెషనల్ అయింది. అది ఆమెకు వీలైంది. అలా వీలుకాని వాళ్ళే ఎక్కువ. ఇదే నియమం మీద అమెరికా అమ్మాయి రీస్ బ్రాంట్‌మేయర్ 2024 మార్చిలో దావా వేసింది. ఈ పోరాటాన్ని మొదలుపెట్టింది ఒక క్రీడాకారిణి అన్నది మరచిపోకూడదు.

మూడు వాదనలు, మూడు జవాబులు

‘చదువు ఉచితంగా ఇస్తున్నారు కదా, ఇంకేం కావాలి?’ అన్నది మొదటి వాదన. ఉచితం అన్న మాటే తప్పు. సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి ఆట పని చేయించకూడదని ఎన్‌సిఎఎ నియమం. ప్రయాణాలు అందులోకి రావు, గాయాలకు చికిత్స రాదు, పోటీ రోజు ఎంతసేపు మైదానంలో ఉన్నా మూడు గంటలుగానే లెక్క. అసలు సమయం 30 గంటలు దాటుతున్నదని ఆ సంస్థ సొంత సర్వేలే చూపాయి. ఇంటిపని లెక్కల్లో కూడా కాలాన్ని ఇలాగే మాయం చేస్తారు. ఇంకో విచిత్రం చూడండి. విదేశీ విద్యార్థినికి వచ్చే స్కాలర్‌షిప్‌లో భోజనం, వసతి భాగం మీద మామూలుగా 14 శాతం పన్ను ముందే కోసుకుంటారు. పన్ను వేసే శాఖకు అది ఆదాయం. కార్మిక చట్టం దగ్గరికి వచ్చేసరికి అదే సొమ్ము జీతం కాదు. అదే డబ్బు, అదే అమ్మాయి, రెండు కిటికీల దగ్గర రెండు పేర్లు.

పైగా ఆ స్కాలర్‌షిప్ ఎంత గట్టిది? 1973లో ఎన్‌సిఎఎ నాలుగేళ్ళ స్కాలర్‌షిప్‌ను తీసేసి ఏడాదికోసారి పొడిగించే పద్ధతి పెట్టింది. 2012లో గానీ ఒక ఏడాదికి మించి ఇవ్వడానికి మళ్ళీ అనుమతించలేదు. అప్పుడు కూడా ఇవ్వాలన్న నిర్బంధం చాలా కాలేజీలకు లేదు. అమెరికా అమ్మాయికి స్కాలర్‌షిప్ పోతే చదువు కష్టమవుతుంది. విదేశీ అమ్మాయికి స్కాలర్‌షిప్ పోతే ఫీజు కట్టలేదు, ఫీజు కట్టకపోతే పూర్తికాలం విద్యార్థిని కాదు, కాకపోతే వీసా ఉండదు. అంటే కోచ్ చేతిలో ఆమె ఆట మాత్రమే కాదు, ఆ దేశంలో నిలబడే హక్కు కూడా ఉంది. గాయంతో ఆడమంటే కాదనగలదా? చెయ్యి వేస్తే అరవగలదా? మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన డాక్టర్ లారీ నాసర్ చేసిన అకృత్యాల గురించి 2018 జనవరిలో 150 మందికి పైగా స్త్రీలు కోర్టులో మాట్లాడారు. వాళ్ళలో కొందరు ఏళ్ళ తరబడి ఫిర్యాదు చేసినా వినలేదు. సొంత దేశంలో, సొంత భాషలో మాట్లాడే ఆడపిల్లల గతి అది. వీసా కాగితం మీద బతికే అమ్మాయి గొంతు ఎంత దూరం వినిపిస్తుందో మనం ఊహించుకోవచ్చు.

‘విదేశీ అమ్మాయిలు మా అమ్మాయిల స్కాలర్‌షిప్‌లు తన్నుకుపోతున్నారు’ అన్నది రెండో వాదన. దీన్ని స్త్రీల హక్కుల భాషలో చెప్పడం మరింత బాధాకరం. టెన్నిస్ జట్టుకు ఎన్ని స్కాలర్‌షిప్‌లు ఉండాలో, ఏ జట్టును ఎత్తెయ్యాలో తేల్చేది స్పెయిన్ నుంచో ఇండియా నుంచో వచ్చిన అమ్మాయి కాదు. ఇప్పుడు పంచే డబ్బులో నాలుగింట మూడు వంతులు ఫుట్‌బాల్‌కే కేటాయించాలన్న లెక్క చాలా యూనివర్సిటీల్లో నడుస్తోంది. మిగిలిన మెతుకుల కోసం ఇద్దరు ఆడవాళ్ళను కొట్టుకోమనడం పాత ఎత్తుగడే.

‘వాళ్ళను ఉద్యోగులంటే వీసా నియమాలు అడ్డొస్తాయి, నష్టపోయేది వాళ్ళే’ అన్నది మూడోది. ఇది చాలా సానుభూతితో చెప్పే వాదన. 2024లో డార్ట్‌మత్ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు 13-2తో యూనియన్‌కు ఓటు వేసినప్పుడు కూడా ఇలాంటి సానుభూతి చాలా వినిపించింది. ఆ యూనియన్ అదే ఏడాది డిసెంబరు 31న తన పిటిషన్ వెనక్కి తీసుకుంది. నా జవాబు ఒక్కటే. చట్టం హక్కుకు అడ్డొస్తే మార్చాల్సింది చట్టాన్ని. అంతేగాని హక్కునే లేదనడం కాదు. ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు స్త్రీల భద్రతకు ముప్పు అంటూ పని నుంచే తప్పించిన పద్ధతి మనం ఎరుగుదుం. ‘నీ మంచి కోసమే నీకు కూలి ఇవ్వడం లేదు’ అనేవాడిని నమ్మే కాలం పోయింది.

ఏం అడగాలి

నా దృష్టిలో అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. విద్యార్థి వీసా మీద ఆడేవాళ్ళు తమ పేరు, బొమ్మ మీద వచ్చే ఆదాయాన్ని, యూనివర్సిటీ పంచే వాటాను తీసుకోవచ్చని వీసా నియమాల్లోనే రాయాలి. ఆ అనుమతి వచ్చేదాకా వాళ్ళ వాటాను యూనివర్సిటీలు వాళ్ళ పేరున జమ చేసి ఉంచాలి. చదువు ముగిసేదాకా స్కాలర్‌షిప్‌కు రాతపూర్వక హామీ ఉండాలి, గాయమైనా, కోచ్ మారినా. లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు చేసిన విద్యార్థినికి కేసు తేలేదాకా వీసా రక్షణ ఉండాలి. కొత్తగా పంచే ప్రతి డాలరుకు టైటిల్ నైన్ వర్తించాలి.

మన వైపు నుంచి చెయ్యగలిగింది కూడా ఉంది. కూతుళ్ళను ఆట మీద అమెరికా పంపాలనుకునే తల్లిదండ్రులకు కన్సల్టెన్సీలు స్కాలర్‌షిప్ మొత్తం మాత్రమే చెబుతాయి. అది ఎన్నేళ్ళకు, దేని మీద రద్దవుతుంది, గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది, పన్ను ఎంత కోస్తారు అన్న ప్రశ్నలు సంతకానికి ముందే అడగమని మన సంఘాలు చెప్పాలి. జవాబు కాగితం మీద తీసుకోమని చెప్పాలి.

ఇష్టంతో చేసే పని కూడా పనే. అంగన్‌వాడీ టీచరుకు పిల్లలంటే ప్రేమ ఉంటుంది, టెన్నిస్ ఆడే అమ్మాయికి ఆటంటే ప్రాణం. ఆ ప్రేమ వాళ్ళది. దాన్ని చూపించి కూలి ఎగవేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ప్రొఫెసర్లకు చదువంటే ప్రేమ లేదా? కోచ్‌లకు ఆటంటే ప్రేమ లేదా? వాళ్ళ జీతం ఎవరూ ఆపరేం?